బాబాయిగారి అరవై అంటుమొక్కలు

మా పక్కింటి బాబాయిగారు ఫిబ్రవరి చివరి వారంలో పోయారు. పొద్దున్న ఆరున్నరకి ఆయన కోడలు గోడ దగ్గరికి వచ్చి, "అక్కా, ఒకసారి రండి. మామయ్యగారు ఎంత పిలిచినా పలకట్లేదు," అంది. నేను పొయ్యి కట్టేసి వెళ్ళేసరికి ఆయన ఎప్పటిలాగే కుడివైపు తిరిగి, చెంప కింద చెయ్యి పెట్టుకుని పడుకుని ఉన్నారు. ముందురోజు సాయంత్రం మా ఇంట్లో ఉప్మా బాగుందని రెండోసారి పెట్టించుకుని తిన్నారు. డెబ్బై నాలుగేళ్ళు. పోయేముందు ఒక్కరోజు కూడా మంచాన పడలేదు, ఎవరి చేతా చేయించుకోలేదు.

తొమ్మిదింటికల్లా మా వీధి మోటార్ సైకిళ్ళతో నిండిపోయింది. ముసునూరు, ఆగిరిపల్లి, చాట్రాయి, ఇంకా నాకు పేర్లు తెలియని ఊళ్ళ నుంచి కూడా వచ్చారు. రైతులున్నారు, టీచర్లున్నారు, ఒక బ్యాంకు మేనేజరు ఉన్నారు. నెత్తిన తెల్లవెంట్రుకలు వచ్చినవాళ్ళు కూడా "బాబాయ్ రాత్రి బాగానే ఉన్నాడా అండీ?" అనే అడిగారు. కాలేజీ బాటనీ ల్యాబులో ముప్ఫై రెండేళ్ళు అటెండరుగా చేసిన మనిషి ఆయన. లెక్చరర్లు బదిలీల మీద వచ్చేవారు, వెళ్ళేవారు. బాబాయిగారు ఉండేవారు. అందుకని చదువు చెప్పినవాళ్ళ పేర్లు మరిచిపోయినవాళ్ళకి కూడా ఈయన గుర్తున్నారు.

ఆ బ్యాంకు మేనేజరు అందరూ వింటుండగా ఒక సంగతి చెప్పారు. ప్రాక్టికల్ పరీక్షలో తన ముందు వంకాయ పువ్వు పెట్టారట. కంగారులో మందారం అని రాశారట. "బాబాయ్ నీళ్ళ బీకరు పట్టుకుని నా వెనక నుంచి వెళ్తూ, బాబూ, మీ ఇంట్లో మందారంతో గుత్తికూర చేస్తారా అని గొణిగాడండి. నేను కొట్టేసి మళ్ళీ రాశాను. ఆ మార్కులతోనే పాసయ్యాను." వాకిట్లో కూర్చున్నవాళ్ళంతా నవ్వారు. కళ్ళు తుడుచుకుంటున్న కోడలు కూడా నవ్వింది. చావు ఇంట్లో అంత నవ్వు నేను ఎక్కడా వినలేదు. ఎవరూ తప్పు పట్టలేదు.

అక్కడ ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియని సంగతి ఒకటుంది. అరవై అంటుమొక్కల సంగతి. "కాయ వచ్చాక చెప్పుకుందువుగాని అమ్మాయ్, అందాకా నోరు మెదపకు," అని బాబాయిగారు నా దగ్గర మాట తీసుకున్నారు. ఈ మే నెలలో కాయ వచ్చింది. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

మా వీధి కాలేజీకి వెనకపక్కన ఉంటుంది. జూన్, జూలైల్లో కొత్త పిల్లలు బకెట్టూ పరుపూ పట్టుకుని గదుల కోసం తిరుగుతారు. మా మేడమీద గదిలో కూడా ఎప్పుడూ ఇద్దరు ముగ్గురుంటారు. రికార్డుల రోజుల్లో జిరాక్సు షాపుల దగ్గర నిలబడడానికి చోటుండదు. పరీక్షలు ముగిసే సమయానికి తోటల్లో కోతలు మొదలవుతాయి. అప్పటిదాకా పుస్తకాల సంచులతో నడిచిన రోడ్డు మీద వరిగడ్డి పరిచిన ట్రాక్టర్లు నడుస్తాయి. ఎక్కడెక్కడి నుంచో చదువుకోడానికి వచ్చిన పిల్లలు మొదటి ఏడాది మామిడిపండుని మామిడిపండు అంటారు. రెండో ఏడాదికి చిన్న రసం, పెద్ద రసం, బంగినపల్లి, కలెక్టరు అని విడివిడిగా పిలవడం నేర్చుకుంటారు. అది నేర్పింది చాలామందికి బాబాయిగారే.

ఆయన పుట్టింది చాట్రాయి దగ్గర ఒక తోటలో. తండ్రి అంట్లు కట్టేవాడట. ఈయనకీ ఆ పని చేతిలో ఉండిపోయింది. ఆదివారాలు, సెలవులు తోటల్లోనే గడిపేవారు. టెంక నుంచి మొలిచిన చిన్న మొక్కకి, మంచి చెట్టు కొమ్మ పుల్లని చెక్కి అతికించి, ప్లాస్టిక్ టేపు చుట్టి బతికించడం ఆ పని. పుల్ల ఏ చెట్టుదైతే కాయ ఆ చెట్టుదే అవుతుంది. అయితే ఆయన పేరు ఊళ్ళ మీద పాకింది చేతివల్ల కన్నా ముక్కువల్ల. మామిడి ఆకు ఏదిచ్చినా వేళ్ళతో నలిపి, కళ్ళు మూసుకుని, ఒక్కసారి పీల్చి అది ఏ రకమో చెప్పేవారు. పిల్లలు ఆయన్ని ఏడిపించడానికి పుస్తకాల మధ్య ఎండిపోయిన ఆకులు తెచ్చిచ్చేవారు. "ఇది బంగినపల్లి. పుస్తకం మాత్రం కెమిస్ట్రీది," అనేవారు. ఆ రెండో ముక్క ఎలా తెలిసేదో ఇప్పటికీ నాకు తెలియదు.

అంత ముక్కున్న మనిషి చీటీ ఎందుకు రాస్తారు? మొక్కలకి పేర్లు రాసి కట్టడం ఆయనకి నామోషీ. నేను పూర్తిగా దానికి ఎదురు. మా ఇంట్లో గ్యాసు బండ ఎప్పుడు మార్చామో, కందిపప్పు డబ్బా ఎప్పుడు కడిగామో అన్నీ రాసుంటాయి. గోడ పక్కన కూర్చుని నేను చీటీలు అంటిస్తుంటే ఆయన చూసి, "ఉప్పు డబ్బా మీద ఉప్పు అని రాయకపోతే నువ్వు పంచదార అనుకుంటావా అమ్మాయ్?" అనేవారు. "మీ వయసొచ్చాక అనుకుంటానేమో బాబాయిగారూ," అనేదాన్ని. ఈ వాదన మాకు ఇరవై ఏళ్ళు సాగింది.

కరోనా రెండోసారి వచ్చిన వేసవిలో ఆయనకీ జ్వరం వచ్చింది. పదిహేను రోజులు వాళ్ళ మేడగదిలో ఒక్కరే ఉండి, పూర్తిగా కోలుకుని దిగారు. జూలైలో ముసునూరు నుంచి ఒక అమ్మాయి వచ్చింది. కాలేజీలో బీఎస్సీ బాటనీ చదివి అప్పటికి రెండేళ్ళయింది. ఆయన రిటైరయ్యాక చేరిన పిల్లే అయినా, రికార్డు కోసం ఆకులడుగుతూ ఈ అరుగు మీదే తిరిగేది. వచ్చి మెట్టు మీద కూర్చుంది.

"మా నాన్న ముసలి మామిడి చెట్లు తీసేసి పామాయిలు వేస్తానంటున్నాడు బాబాయ్. నేను పోట్లాడాను. ఎకరంన్నర నాకు వదిలేశాడు."

"వదిలేశాడుగా, ఇంకేంటి?"

"ఊరికే వదల్లేదు. మొదటి కాపు చూస్తాడంట. కాయ తేడా వస్తే మర్నాడే జేసీబీ పెడతానన్నాడు. అన్నంత పనీ చేస్తాడు, నీకు తెలుసుగా."

"ఏం కాయ కావాలి నీకు?"

"చిన్న రసాలు. అరవై మొక్కలు. అన్నీ అదే ఉండాలి. నువ్వే కట్టాలి."

"ఆగిరిపల్లిలో ఒక పాత చెట్టుంది. దాని పుల్లలే కడతాను. పో, గుంటలు తీయించుకో," అన్నారు బాబాయిగారు. ఆ పిల్ల లేచి ఆయన చెయ్యి పట్టుకుని ఊపేసి వెళ్ళింది.

అదే వారం చాట్రాయి రైతు ఒకాయన ఇరవై కలెక్టరు మొక్కలు కావాలన్నాడు. రెండు చెట్ల పుల్లలూ ఒకే రోజు ఇంటికొచ్చాయి. పుల్లలకి ఆకులు ముందే తుంచేస్తారు, చిన్న కాడలు మాత్రం ఉంచుతారు. రెండు కట్టలూ తడిగోనెలో చుట్టి రెండు బకెట్లలో పెట్టారు. ఆ మధ్యాహ్నం జల్లు కొట్టి వరండా తడిసిపోయింది. కోడలు తుడుస్తూ, చోటు చాలక, రెండు బకెట్ల పుల్లలూ ఒక బకెట్లో వేసింది. చీటీలు లేవు.

రెండు రకాలూ కలిసిపోయాయని తెలిసి కోడలు ఏడుపు మొహం పెట్టింది. బాబాయిగారు నవ్వారు. "దానికేముంది తల్లీ. కాడలున్నాయిగా. గిల్లితే అదే చెప్తుంది." అరుగు మీద కూర్చుని ఒక్కొక్క పుల్లా తీసి, కాడ గిల్లి, కళ్ళు మూసుకుని ముక్కు దగ్గర పెట్టుకుని, కొన్ని ఎడంపక్కా కొన్ని కుడిపక్కా వేశారు. కోడలి కళ్ళు తేటపడ్డాయి. నేను గోడ ఇవతల నుంచి చూస్తూ, ఎంత గొప్ప విద్య అనుకున్నాను. మూడు రోజుల్లో అంట్లన్నీ కట్టేశారు.

సెప్టెంబరులో ఒకరోజు నేను పాలు పొయ్యి మీద పెట్టి ఫోనులో పడ్డాను. పాలు పొంగి, మాడి, గిన్నె అడుగు నల్లగా అయిపోయింది. ఎదురింటివాళ్ళు కిటికీలు వేసుకున్నారు. మేడమీద పిల్లలు "ఆంటీ, ఏం కాలుతోంది?" అంటూ దిగొచ్చారు. మా వంటింటి కిటికీకి నాలుగడుగుల దూరంలో, తన అరుగు మీద బాబాయిగారు పేపరు చదువుకుంటున్నారు. నేను సిగ్గుపడుతూ కొంగుతో విసురుకుంటూ బయటికొచ్చాను.

ఆయన తలెత్తి, "ఏంటమ్మాయ్, ఉక్కగా ఉందా?" అన్నారు.

ఆయన నా మొహం చూశారు, మేడమీద పిల్లల్ని చూశారు, మా కిటికీలోంచి వస్తున్న పొగ చూశారు. పేపరు మడిచారు. పిల్లలు పైకి వెళ్ళేదాకా ఆగి, "జ్వరం తగ్గినప్పటి నుంచీ వాసన లేదమ్మా," అన్నారు. "రేపొస్తుంది, ఎల్లుండొస్తుంది అనుకుంటున్నాను."

"మరి ఆ పుల్లలు బాబాయిగారూ?"

"కంటితో వేరు చేశాను. లావు చూసి, రంగు చూసి. కోడలు ఎదురుగా నిలబడుంది. చేసిన పనికి కుమిలిపోతోంది. నాకూ తెలియట్లేదమ్మా అని ఎలా చెప్పను?"

వాళ్ళ పెరట్లో నల్లసంచుల్లో ఎనభై మొక్కలూ చిగురేసి నిలబడి ఉన్నాయి. రాగిరంగు లేత ఆకులు. చూడ్డానికి అన్నీ ఒక తల్లి పిల్లల్లాగే ఉన్నాయి. వాటిలో ఏవి చిన్న రసాలో నాలుగేళ్ళ తర్వాత కాయ కాస్తే గాని తెలియదు. తెలిసిన మర్నాడు ముసునూరులో జేసీబీ వస్తుంది.

మామూలుగా అయితే ఇక్కడ ఎవరైనా దిగాలుపడతారు. బాబాయిగారు నా వైపు పరీక్షగా చూసి, "నీకు బాగానే వాసన తెలుస్తుందిగా?" అన్నారు.

అలా మొదలైంది నా చదువు. ఇంటరుతో ఆపేసిన నేను నలభై ఏడేళ్ళ వయసులో ఆకుల వాసన చూసే క్లాసులో చేరాను. "ఆకు రూపం చూసి మోసపోకు, లేతమొక్కలో అన్నీ ఒకటే. లేత ఆకు వాసన కూడా నమ్మకు. ముదిరి పచ్చబడేదాకా ఆగుదాం. ఈలోగా నువ్వు తల్లి చెట్ల దగ్గర నేర్చుకో," అన్నారు. నా స్కూటీ మీద ఆయన్ని వెనక కూర్చోబెట్టుకుని ఆగిరిపల్లి వెళ్ళాను. ఆయన ఒళ్ళో ఆకుల సంచి. గుంట వచ్చినప్పుడల్లా, "లెక్చరర్లు కూడా ఇంత నెమ్మదిగా తోలరమ్మా," అనేవారు. తోటలో కాపలాదారు నన్ను చూసి, "ఈవిడెవరండీ?" అన్నాడు. "మా డిపార్ట్‌మెంటుకి కొత్తగా వచ్చారు," అన్నారు బాబాయిగారు. అతను నాకు కుర్చీ తెచ్చి వేశాడు.

చిన్న రసం ఆకు నలిపి నా చేతికిచ్చి, "ఏం వస్తోంది?" అన్నారు.

"మామిడాకు వాసన."

"అది మేకకీ తెలుసు. సరిగ్గా చూడు."

మళ్ళీ పీల్చాను. నాకు తెలిసిన వాసనలన్నీ వంటింటివే. "పచ్చి క్యారెట్టు చెక్కు గీసినప్పుడు వచ్చేది," అన్నాను. "వెనకాల కొంచెం కర్పూరం ఉంది."

బాబాయిగారు కళ్ళు మూసుకుని గుర్తు చేసుకున్నారు. "ముప్ఫై రెండేళ్ళు ల్యాబులో ఉన్నాను. క్యారెట్టు అన్నవాళ్ళు లేరు. నిజమేనమ్మా, క్యారెట్టే," అన్నారు. చాట్రాయిలో కలెక్టరు ఆకు వాసన చూశాక, "ఇది తోటకూర కాడలు తరిగినట్టుంది. ఘాటు లేదు," అన్నాను. "రాసుకో, రాసుకో," అన్నారు. జీవితంలో మొదటిసారి ఆయన నన్ను రాసుకోమన్నారు. మా చీటీల వాదన ఆ రోజుతో ముగిసింది, గెలిచింది నేనే. ఆ మాట పైకి అనలేదు గాని ఆయనకి తెలుసు.

తర్వాత మూడు వారాలు రోజూ సాయంత్రం పరీక్ష. అరుగు మీద పది స్టీలు గ్లాసులు బోర్లించి, ఒక్కోదాని కింద నలిపిన ఆకు పెట్టేవారు. నేను గ్లాసు ఎత్తి వాసన చూసి చెప్పాలి. ఆయన భుజాన తుండు సర్దుకుని, "ఎక్స్‌టర్నల్ ఎగ్జామినరు వచ్చారు, మాట్లాడకూడదు," అనేవారు. మేడమీద పిల్లలు రెయిలింగు మీద వాలి చూసేవారు. వాళ్ళకీ, కోడలికీ ఇది మా కాలక్షేపం. మొదటిరోజు నాకు పదికి నాలుగొచ్చాయి.

"ఆంటీ, ఫీజు కట్టుకోండి, సప్లీ రాద్దురుగాని," అన్నాడు ఒకడు.

"ముందు నీ మ్యాథ్సు సంగతి చూసుకో నాయనా. ఆవిడ తప్పినా అన్నం వండగలదు, నువ్వు తప్పితే ఏం చేస్తావు?" అన్నారు బాబాయిగారు.

రెండో వారానికి ఏడు. మూడో వారం చివర వరసగా నాలుగు రోజులు పదికి పది. ఆ రోజు పిల్లలు మేడమీద నుంచి చప్పట్లు కొట్టారు. నాకు పెళ్ళిలో కూడా అంత సంబరం లేదు.

ఆకులు ముదిరాయి. రెండు ఉదయాలు పెరట్లో స్టూలు వేసుకుని కూర్చున్నాను. మొక్కకి ఒక ఆకు. నలపడం, పీల్చడం, చెప్పడం, నంబరు వేసి పుస్తకంలో రాయడం. చిన్న రసమైతే బాబాయిగారు ఎర్రపీలిక కట్టేవారు. అయిదు మొక్కలకొకసారి నన్ను లేపి, మంచినీళ్ళు తాగించి, వీధి చివరిదాకా నడిపించేవారు. అనుమానం వచ్చిన ప్రతి మొక్కనీ విడిగా రాసి, మర్నాడు మళ్ళీ చూశాను. అంతా అయ్యేసరికి, ఆయన చిన్న రసాలని పెట్టిన వరసలోంచి పదిహేడు మొక్కలు ఇవతలికొచ్చాయి. పదిహేడు అంటే ఆ ఎకరంన్నరలో నాలుగో వంతు కన్నా ఎక్కువ. ఆయన ఆ పదిహేడింటినీ చాలాసేపు చూస్తూ నిలబడ్డారు. వాటిని చాట్రాయి రైతు వరసకి పంపి, అక్కడ దొరికిన చిన్న రసాలు ఇటు చేర్చి అరవై పూర్తి చేశాం.

"హమ్మయ్య, సరిపోయింది కదండీ. ఇంక ఎవరికీ చెప్పక్కర్లేదు," అన్నాను.

"ముసునూరు పిల్లకి చెప్పాలి."

"ఎందుకు బాబాయిగారూ? సరిచేశాంగా. చెప్తే ఆ పిల్లకి లేనిపోని భయం. వాళ్ళ నాన్నకి తెలిస్తే ఇవాళే పామాయిలు."

"నాలుగేళ్ళకి కాయ చెప్తుందమ్మా. కాయ కన్నా ముందు నేను చెప్పాలి."

వద్దని నేను మళ్ళీ మళ్ళీ అన్నాను. ఆయన వినలేదు. ఆ అమ్మాయిని పిలిపించి, మెట్టు మీద కూర్చోబెట్టి, బకెట్టు దగ్గర నుంచి మాడిన పాల దాకా ఏదీ వదలకుండా చెప్పారు. నేను తలుపు దగ్గర నిలబడి ఆ పిల్ల మొహమే చూస్తున్నాను. ముందు ఎర్రబడింది, తర్వాత తెల్లబడింది.

"వేరేవాళ్ళ దగ్గర మొక్కలు కొనుక్కుంటానంటే నేనేమీ అనుకోను. నేనే దగ్గరుండి మంచివి చూపిస్తాను," అన్నారు ఆయన.

"ఇవి ఎవరు వాసన చూశారు బాబాయ్?"

ఆయన నా వైపు చెయ్యి చూపించారు. ఆ పిల్ల లేచి పెరట్లోకి వెళ్ళి, రెండు ఆకులు కోసి, నలిపి, రెండు గుప్పిళ్ళలో దాచుకుని వచ్చి నా ముక్కు ముందు పెట్టింది. ఒకదాని తర్వాత ఒకటి పీల్చాను.

"రెండూ చిన్న రసమే," అన్నాను.

"ఒకే మొక్కవి రెండూ తెచ్చి మోసం చేద్దామనుకున్నాను," అని నవ్వేసింది ఆ పిల్ల. "సరే పిన్నిగారూ. నా ఎకరంన్నర మీ చేతుల్లో పెడుతున్నాను. నాన్నకి మాత్రం ఇప్పుడే చెప్పొద్దు." తర్వాత బాబాయిగారి వైపు తిరిగి, "నువ్వు చెప్పకపోయినా నాకు తెలిసేది కాదు కదా," అంది.

"నాకు తెలుసుగా," అన్నారు ఆయన.

తర్వాతి వానాకాలంలో, నా పుస్తకంలో నంబర్ల వరసలోనే మొక్కలు నాటారు. బాబాయిగారు నెలకొకసారి నా స్కూటీ ఎక్కేవారు. వెళ్ళినప్పుడల్లా ఆ పిల్లకి అంటు కట్టడం నేర్పేవారు. మూడో ఏడు పూత వస్తే మొత్తం తుంచేయమన్నారు, చెట్టు ఎదగాలని. ఆ పిల్ల తుంచలేక తుంచింది. నేను మాత్రం ఆ నాలుగేళ్ళూ చలికాలంలో పూత వేళకి పుస్తకం తీసి మళ్ళీ మళ్ళీ చూసుకునేదాన్ని. ఎర్రపీలికలు కలలోకి వచ్చేవి. "నీకెందుకమ్మా భయం, నువ్వు పాసయ్యావుగా," అనేవారు ఆయన. కోడలికి మాత్రం చివరిదాకా చెప్పనివ్వలేదు. ఆవిడ ఇది చదివితే నా మీద కోప్పడుతుంది. కోప్పడనీ. తను ఏడవకూడదని ఒక పెద్దమనిషి అంత అబద్ధం ఆడాడని తెలియడం మంచిదే.

ఈ జనవరి చివర తోట నిండా పూత. చెట్లు ఇంకా నా భుజాల ఎత్తే ఉన్నా పూత కొమ్మలు వంగేంత వచ్చింది. తేనెటీగల రొద. బాబాయిగారు ఒక కొమ్మ దగ్గరికి లాక్కుని పూతలో మొహం పెట్టారు. అలవాటుగా కళ్ళు మూసుకున్నారు. తర్వాత కళ్ళు తెరిచి, "ఎలా ఉందమ్మాయ్, చెప్పు," అన్నారు.

చెప్పాను. తేనెలాగుంది బాబాయిగారూ. పలచటి తేనె. కొంచెం పిండి జల్లించినప్పటి దుమ్ము కూడా ఉంది. అడుగున పులుపు.

"పులుపుందా?"

"ఉందండీ."

"అయితే బాగా వచ్చింది," అన్నారు. ఆయన మొహంలో లోటేమీ కనిపించలేదు. ఎవరో కొత్త ఊరు చూసి వచ్చి కబుర్లు చెప్తుంటే వింటున్నవాడిలా ఉన్నారు. ఇంకా చెప్పు, ఇంకా చెప్పు అంటూ నన్ను నాలుగు వరసలూ తిప్పారు. అదే ఆయన ఆ తోటకి ఆఖరుసారి రావడం. నెల తిరిగేసరికి పోయారు. అప్పటికి పిందెలు బఠాణీ గింజలంత ఉన్నాయి.

మే మూడో వారంలో ఆ అమ్మాయి ఫోను చేసింది. "పిన్నిగారూ, రేపు కోత. రండి." గొంతులో ఏమీ తెలియనివ్వలేదు. స్కూటీ మీద ఒక్కదాన్నే వెళ్ళాను. గట్టు మీద ఆ పిల్ల తండ్రి నిలబడి ఉన్నాడు. ఒక కాయ అరచేతిలో పెట్టుకుని తిప్పి తిప్పి చూస్తున్నాడు. పక్కన గడ్డి మీద కుప్పలు. గుండ్రంగా, పొట్టిగా, ఒకే అచ్చులో పోసినట్టు చిన్న రసాలు. నాటిన అరవైలో నాలుగు ఎండలకి పోయాయి. మిగిలిన యాభై ఆరూ కాశాయి.

"రండమ్మా. మా అమ్మాయి ఇవాళ పొద్దున్నే చెప్పింది, ఆకుల పరీక్ష సంగతి," అన్నాడు ఆయన. చేతిలో కాయ కుప్ప మీద పెట్టి, "పక్క రెండెకరాలకి కూడా మొక్కలు కావాలి. ఆయన లేడు కదా, ఎవరు కడతారంటారు?" అన్నాడు.

"మీ అమ్మాయికి చెయ్యి తిరిగిందండీ. బాబాయిగారే నేర్పించారు," అన్నాను.

"మరి వాసన?"

"అది నేను చూస్తాను."

అప్పుడు ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని మూడో వరస చివరికి తీసుకెళ్ళింది. అక్కడ ఒక చెట్టు. మొత్తం పొడుగు కాయలు, కింద కొక్కెంలా వంగి, ముదురాకుపచ్చ. నూటికి నూరుపాళ్ళు కలెక్టరు. నేను రెండుసార్లు చూసి, సంచీలోంచి పుస్తకం తీశాను. అనుమానం వచ్చినవన్నీ రాసుకున్నాను కదా. ఆ చెట్టు నంబరు వాటిలో లేదు. దాని ఎదురుగా, తిరుగులేదన్నట్టు, చిన్న రసం అని రాసి కింద గీత కూడా గీశాను.

"యాభై ఆరుకి యాభై అయిదు పిన్నిగారూ. నాన్న కూడా ఒక్కటేగా అని వదిలేశాడు. బాబాయ్ ఉంటే ఏమనేవాడు?"

ఏమనేవారో నాకు తెలుసు. ఆ చెట్టు చుట్టూ తిరిగి, ఆకు తుంచి నాకే ఇచ్చి మళ్ళీ చూడమనేవారు. "దీన్ని తల నరికించి మళ్ళీ రసం కట్టించెయ్యమ్మా," అన్నాను. మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"నేను ఒప్పుకున్నా వాళ్ళు ఒప్పుకోరు," అంది ఆ పిల్ల, చెట్టు అటుపక్కకి చూపిస్తూ.

కోతకొచ్చిన ఆడవాళ్ళు ఏడెనిమిది మంది సద్దిమూటలు విప్పుకుని ఆ చెట్టు పక్కనే కూర్చున్నారు. తోటంతా పండాల్సిన కాయలు, ముట్టుకోడానికి లేదు. ఈ ఒక్క చెట్టుదే పచ్చిగా తినే కాయ. కత్తితో కోసి, ఉప్పూ కారం అద్దుకుని అన్నంలో నంజుకుంటున్నారు. ఒకావిడ నన్ను చూసి, జరిగి చోటిచ్చి, "రండమ్మగారూ, ఏ మారాజు కలిపాడో గాని, ఎండలో ఇదొక్క చెట్టే మా కోసం వేసినట్టుంది," అంటూ పెద్ద ముక్కకి కారం అద్ది చేతిలో పెట్టింది. కరకరమని కొరికాను. పళ్ళు జివ్వుమన్నాయి, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ముక్కు కారింది. వాళ్ళు నవ్వారు. ఇంకో కాయ దూసి, కత్తికి మట్టి తుడుచుకుని, ఇంకో ముక్క కోశారు.